ఎన్ని కాలినయ్ మీటరూ?

కొత్తకోటలో నేను కరెంటు బిల్లులు కొడతాను. నెల మొదటి పన్నెండు రోజులు మెడకు మిషను తగిలించుకుని ఇల్లిల్లూ తిరగడం, మీటరులో అంకె చూసి మిషనులో ఎక్కించడం, బిల్లు చింపి ఇంటివాళ్ల చేతిలో పెట్టడం. అదీ నా పని. మొన్న ఆరో తారీకున ఒక సందు చివర, మేడ కింద ఉన్న ఒంటి గది మీటరు చూస్తే యూనిట్లు పదకొండు వచ్చాయి.

తప్పు ఎక్కించానేమోనని మళ్లీ చూశాను. పదకొండే. ఆ గదిలో రోజుకు మూడు యూనిట్ల దాకా కాలుతుంది. నాకు తెలిసి ఎనిమిదేళ్లుగా అంతే. తలుపుకు తాళం వేసి ఉంది. నేను అక్కడే నిలబడిపోవడం చూసి ఇంటి ఓనరమ్మ మెట్లు దిగి వచ్చింది.

"ఆమె లేదు గద బిడ్డా. నువ్వు పోయిన నెల వచ్చిపోయినవు సూడు, దాని నాలుగో దినమే. పొద్దుగాల నల్లా కాడికి రాకపోయేసరికి తలుపు కొట్టినం. నిద్దుర్లనే పోయింది. తమ్ముడొచ్చి ఊరికి తీస్కపోయిండు."

నాలుగు రోజులు, పదకొండు యూనిట్లు. లెక్క సరిపోయింది. అది సరిపోయిందని తెలిసిన క్షణంలో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓనరమ్మ ఏమనుకుందో ఏమో, బిల్లు అందుకుని పైకి వెళ్లిపోయింది.

ఆమె పేరు చాలా ఏళ్లు నాకు తెలియదు. బిల్లు ఓనరు పేరు మీద వచ్చేది కాబట్టి తెలియాల్సిన అవసరం పడలేదు. తర్వాత ఒక పని మీద తెలిసింది గానీ, అప్పటికి పెద్దమ్మా అని పిలవడం అలవాటైపోయింది. ఆమె కూడా నా పేరు అడగలేదు. మొదటి నెల నుంచీ నన్ను "మీటరూ" అనే పిలిచింది.

ఏ ఇంటికి పోయినా నన్ను చూడగానే "ఎంతైంది?" అంటారు. ఆమె మాత్రం "ఎన్ని కాలినయ్ మీటరూ?" అనేది. నేను మొదట్లో పైసలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది.

"పైసలు ఎట్లనో అయితయ్. ఎన్నో జెప్పు."

చెప్పేలోపు తనే అనేది, "ఎనభై ఆరా?" మిషను ఎనభై ఆరో ఎనభై ఏడో చూపించేది. అంతకుమించి తేడా రావడం నేను చూడలేదు. ఇదేం మాయ అని ఒకసారి అడిగితే గది తలుపు వెనక్కి తిప్పి చూపించింది. తలుపు లోపలివైపు పై నుంచి కింది దాకా సుద్దముక్కతో అంకెలు. పొద్దున్నే పండ్లు తోముకుని వచ్చి మీటరు చూసేది, పోయిన బిల్లు అంకె అందులోంచి తీసేసి, అప్పటికి ఎన్ని కాలాయో తలుపు మీద రాసేది. నేను వచ్చిపోయిన రోజున తడిబట్టతో మొత్తం తుడిచి మళ్లీ పై నుంచి మొదలుపెట్టేది. ఆమెకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం ఎంత పెద్దవైనా తడుముకోకుండా చదివేది.

బిల్లు తీసుకునేటప్పుడు ముందు చేతులు కొంగుకు తుడుచుకునేది. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చూసేది. చూసి, గోడ మేకుకు తాడుతో వేలాడదీసిన పెన్ను తీసి, బిల్లు వెనక తారీకు, యూనిట్లు, కట్టాల్సిన పైసలు రాసుకునేది. ముందు అచ్చు ఉంది కదా, వెనక మళ్లీ ఎందుకని నేను నవ్వాను. పాత బిల్లొకటి తీసి నా చేతిలో పెట్టింది. అచ్చంతా మాసిపోయి తెల్లగా ఉంది. మా మిషను కాగితం సంగతి అంతే, నాలుగు నెలలు ఎండ సోకితే ఏమీ మిగలదు. నేను రోజుకు రెండు మూడువందల బిల్లులు కొట్టేవాణ్ని. ఆ సంగతి నాకు తట్టలేదు.

"ఒక్క మనిషికి గింత లెక్క ఎందుకు పెద్దమ్మా?" అన్నానొక రోజు.

"ఒక్కదాన్ని గాబట్టే. నలుగురుంటే ఒకని చేతుల లేకున్నా ఇంకొకని చేతుల ఉంటయ్. నాకు ఎవలున్నరు? ఒక్కదాన్నే గద అని ఓనరమ్మ సగం కిరాయి తీసుకుంటదా? గ్యాసాయన సగం సిలిండరు ఇస్తడా? కరెంటు బుగ్గ నాకు సగమే ఎలుగుతదా? అంగట్ల పావుకిలో వంకాయలు అడిగితే, పావుకిలోకు తక్కెడ ఎత్తాల్నా అని మొఖం పెడ్తరు. ఒంటి మనిషికి అన్నీ పిరమే మీటరూ."

ఒంటి మనిషికి ఖర్చు ఎక్కువని నేను అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు. అప్పటికి నేనూ ఒంటి మనిషినే. మాది మర్రిగూడ దగ్గర ఊరు. స్నేహితుడొకడు కాంట్రాక్టరుకు చెప్పి ఇక్కడ పని ఇప్పిస్తే వచ్చి, బస్టాండు వెనక గది తీసుకుని ఉంటున్నాను. జీతం ఇరవయ్యో తారీకు దాకా వచ్చేది. అటుపైన ఎట్లా గడుస్తుందో నాకే తెలిసేది కాదు.

ఆమె ఒక ప్రైవేటు బడిలో ఊడ్చే పని చేసేది. పొద్దున్నే ఒక ఇంట్లో గిన్నెలు తోమేది. పదో తారీకున బడి జీతం చేతికి రాగానే నేరుగా ఇంటికి వచ్చి తలుపేసుకుని పైసలు వేరు చేసేదట. "కట్టకపోతే ఆగిపోయేటియి మొదలు, కట్టకపోతే అడిగేటోళ్లయి తర్వాత" అని ఆమె వరస. కిరాయి, కరెంటు, గ్యాసు ముందు. కిరాణా షాపు తర్వాత. సెల్లుఫోను అన్నిటికన్నా చివర.

ఇంత గట్టి మనిషి గదిలో రెండు సంగతులు మాత్రం ఆమె వరసకు పొసగనట్టు ఉండేవి. ఒకటి, పాత ఫ్రిజ్జు. రెండోది, పైన గిర్రున తిరిగే ఫ్యాను. ఎండాకాలంలో రాత్రంతా ఐదు నంబరు మీద తిరగాల్సిందే.

ఫ్రిజ్జు సంగతి తొందరగానే చెప్పింది. బదిలీ మీద పోతున్న టీచరమ్మ దగ్గర రెండువేలకు కొన్నది. "ఒక్కసారి పప్పు చేసుకుంటే రెండు దినాలొస్తది. కూర మూడు పూటలొస్తది. సిలిండరు నాలుగు నెలలు నడుస్తది. ఇది కరెంటు తాగుతది గానీ గ్యాసును తాగనియ్యదు" అంది. లెక్క కట్టి చూస్తే నిజమే.

ఫ్యాను సంగతి చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

పెళ్లయిన రెండేళ్లకు భర్త బొంబాయి పనికి పోయి మళ్లీ రాలేదు. తమ్ముడింటికి వచ్చేసింది. ఊరు ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్లు. ఇరవై ఎనిమిదేళ్లు తమ్ముడి చేలో, ఊళ్లోవాళ్ల చేలల్లో పని చేసింది, తమ్ముడి పిల్లలను ఎత్తుకుని పెంచింది. ఒక ఎండాకాలం ఇంట్లో కరెంటు బిల్లు ఎక్కువ వచ్చిందని నాలుగు రోజులు లొల్లి అయింది. ఆ తర్వాత ఒకనాడు నడిరాత్రి చెమటతో తడిసి మెలకువ వచ్చింది. తన మీది ఫ్యాను ఆగి ఉంది. లోపలి గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. కరెంటు పోలేదు. మర్నాడూ అట్లాగే అయింది. మూడో రోజు రెండు చీరలు సంచిలో పెట్టుకుని కొత్తకోట బస్సెక్కింది. అప్పటికి ఆమెకు యాభై నిండాయి.

"ఎవరు బంద్ చేసిండ్రు పెద్దమ్మా?"

"నేను అడగలే. అడిగితే చెప్తరు. చెప్తే ఇగ ఆ ఇంట్లకు పండుగకు గూడ పోబుద్ధి గాదు."

అంతే చెప్పి లేచి ఫ్యాను రెక్కల మీద దుమ్ము తుడవడానికి స్టూలు వేసుకుంది.

ఎండాకాలం నెలల్లో ఆమెకూ నాకూ మధ్య ఒక ఒప్పందం ఉండేది. నెలకు వంద యూనిట్లు దాటితే రేటు మారుతుంది. మొదటి యూనిటు నుంచే మారుతుంది. ఫ్రిజ్జూ ఫ్యానూ కలిపి ముప్పై రోజుల్లో ఆమె తొంభై, తొంభై ఐదు దగ్గర ఆపుకునేది. బడికి పోయేటప్పుడు ఫ్రిజ్జు బంద్ చేసేది, వచ్చాక వేసేది. కానీ నేను నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చి మీటరు చూస్తే ఆ నాలుగు రోజులూ ఈ నెలలోకే వచ్చిపడతాయి.

"ఆరో ఏడో తారీకు దాటొద్దు మీటరూ. నా వంద నీ చేతుల ఉంది" అనేది.

దాటనని మాట ఇచ్చాను. మూడు ఎండాకాలాలు నిలబెట్టుకున్నాను. నాలుగో ఎండాకాలం మే నెలలో మా ఊళ్లో మేనమామ కొడుకు పెళ్లి. జ్వరమని కాంట్రాక్టరుకు అబద్ధం చెప్పి పోయాను. రెండు రోజులనుకున్నది వారమైంది. తిరిగి వచ్చాక కూడా దగ్గరి వీధులు ముందు ముగించుకుని, ఆమె సందుకు పదిహేనో తారీకున పోయాను.

ఆమె గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ఎన్ని కాలినయ్ అని అడగలేదు.

"నూట ఇరవై ఒకటి" అంది తనే.

మిషనూ అదే చెప్పింది. బిల్లు ఎప్పుడూ వచ్చేదానికి రెట్టింపు దగ్గరగా వచ్చింది. తలుపు వెనక ఆరో తారీకు దగ్గర తొంభై మూడు అని రాసి ఉంది. దాని కింద ఒక్కో రోజూ ఒక్కో అంకె, వంద దాటిన రోజు అంకె కూడా ఉంది.

"మిషను ఖరాబైంది పెద్దమ్మా" అన్నాను.

నా మెడలో వేలాడుతున్న మిషనును చూసింది. "ఇప్పుడు మంచిగైందా?"

"అయింది."

"మంచిది" అంది. బిల్లు వెనక ఎప్పటిలాగే తారీకు రాసుకుంది.

జూన్ ఆరున, ఆలస్యం చేయకూడదని అందరికంటే ముందు ఆమె గదికి పోయాను. మీటరు చూసి నమ్మలేకపోయాను. ఇరవై రెండు రోజులకు యూనిట్లు పద్నాలుగు. లోపలికి తొంగి చూశాను. ఫ్రిజ్జు తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల తుడిచి పొడిబట్ట పరిచి ఉంది. ఫ్యాను ఆగి ఉంది. రోహిణి ఎండలన్నీ అందులోనే గడిచాయి. ఆమె మెడ నిండా, చేతుల మీదా చెమటకాయలు ఎర్రగా పొక్కి ఉన్నాయి. అట్టముక్కతో విసురుకుంటోంది.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"ఎక్కువొచ్చిన పైసలు తియ్యాలె గద."

"దానికి ఫ్యాను బంద్ చేసుకుంటవా? ఇంక దేంట్లనన్న తీసుకోవచ్చు గద."

"కరెంటు పైసలు కరెంటులనే తియ్యాలె. బియ్యంల తీస్తే బియ్యానికి బొక్క పడ్తది. కిరాయిల తీస్తే కిరాయికి బొక్క పడ్తది. ఇగ నెలనెలా బొక్కలు పూడ్చుకుంటనే కూసోవాలె. తెల్సా నీకు?" అట్టముక్క చెయ్యి మార్చుకుని అంది, "ఆఫీసుకు గూడ రెండుమాట్ల పోయిన. మిషను ఖరాబైతే మేమేం జేస్తం అన్నరు."

నా అబద్ధం ఆఫీసు దాకా పోయి అక్కడ నిజమై కూర్చుంది. నేను మెడలోని మిషను తీసి గడప మీద పెట్టాను.

"మిషను ఖరాబు కాలే పెద్దమ్మా. నేను పెండ్లికి పోయిన. వచ్చినంక గూడ నీ సందుకు ఆఖరికి వచ్చిన."

ఆమె విసురుకోవడం ఆపింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అట్టముక్క పక్కన పెట్టి అడిగింది.

"రేపు పదింటికి ఆఫీసు తెరుస్తరు. గీ మాట ఆడ జెప్తవా?"

కాంట్రాక్టరు అప్పటికే ఒకసారి హెచ్చరించి ఉన్నాడు, ఇంకో ఫిర్యాదు వస్తే మిషను వెనక్కి ఇచ్చేసి పొమ్మని. ఆ సంగతి ఆమెకు చెప్పాను. "నీ ఇష్టం" అంది. బతిమాలలేదు. ఎదుటివాడి మీద జాలితో మాట మార్చుకోనూ లేదు.

మర్నాడు పోకూడదనే అనుకున్నాను. పదింటికి ముందే ఆఫీసు మెట్ల మీద బిల్లుల సంచి ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఆమెను రోడ్డు అవతల నుంచి చూశాను. బడి తెరిచే ముందు గదులు కడిగే పనికి ఒక పూట సెలవు పెట్టి వచ్చింది. ఆ పూట జీతం కోస్తారు. నేను రోడ్డు దాటాను.

లోపల సారు కాగితాల మీద సంతకాలు చేసుకుంటూ వింటున్నాడు. ఆమె బిల్లులన్నీ బల్ల మీద బోర్లా పరిచింది. వెనకవైపు రాసుకున్న తారీకులు వరసగా కనిపించాయి. ఆరు, ఏడు, ఆరు, ఆరు, ఐదు, ఏడు. చివరికి పదిహేను.

"తొమ్మిది రోజులకు ఇంత లొల్లి ఎందుకమ్మా?" అన్నాడు సారు.

"మీకు తొమ్మిది దినాలు సారూ. నాకు నెల. గీ మెడ చూడుండ్రి."

సారు సంతకాలు ఆపి ఆమె మెడ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "ఏమైందిరా?"

చెప్పాను. పెళ్లి, జ్వరం అబద్ధం, మిషను అబద్ధం, మూడూ. ఆ గదిలో ఇంకో నలుగురు గుమాస్తాలు ఉన్నారు. అందరూ తల ఎత్తి విన్నారు.

సారు నన్ను ఏమన్నాడో రాయను. అనాల్సినవే అన్నాడు. అన్నాక కాలిక్యులేటరు తీసి, ముప్పై రోజుల వంతుకు ఎంత రావాలో లెక్క కట్టించాడు. ఎక్కువ వసూలైన పైసలు వచ్చే నెల బిల్లులో తగ్గించమని రాశాడు. ఆమె ఆ కాగితం నకలు అడిగింది. "నకలెందుకమ్మా, నేను రాసిన గద" అన్నాడాయన. "మీరు బదిలీ అయితే?" అంది. గుమాస్తాలు నవ్వారు. నకలు ఇచ్చారు.

నన్ను పనిలోంచి తీసేయలేదు గానీ కాంట్రాక్టరు ఆ నెల పైసల్లో సగం కోశాడు. ఆ సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందో. ఆదివారం పొద్దున బస్టాండు వెనక నా గది వెతుక్కుంటూ వచ్చింది.

"నా పైసలు నాకొచ్చినయ్. నీకు తక్కువొచ్చినయంట. నెల ఎట్ల ఎల్లదీస్తవు?"

"చూస్త."

"ఏం చూస్తవు? చెప్పు, పొద్దుగాల ఏం తింటవు?"

హోటల్లో ఇడ్లీ. మధ్యాహ్నం మెస్సు భోజనం. రాత్రి బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైసు. నేను చెబుతుంటే ఆమె వేళ్లు ముడుచుకుంటూ పోయింది. చివరికి మొత్తం చెప్పింది. నాకే దిమ్మ తిరిగింది. ఆ పైసలకు ఆమె గది కిరాయి కట్టి, సిలిండరు కూడా తెచ్చుకోవచ్చు.

ఆ రోజు నుంచి ఒక ఏర్పాటు జరిగింది. బియ్యం, పప్పు, కూరగాయలు నా వంతు నేను తెచ్చి ఇచ్చేవాణ్ని. ఆమె తనవాటితో కలిపి ఒకేసారి వండి, నా వంతు డబ్బాలో పెట్టి ఫ్రిజ్జులో ఉంచేది. "గిన్నె పెద్దగైతది గానీ మంట అంతే" అనేది. అంగట్లో ఇద్దరికీ కలిపి కిలో వంకాయలు కొనేవాళ్లం. కిలోకు రేటు తగ్గించేవాడు కూరగాయలాయన. మూడు నెలలకు నా జీతం నెలాఖరు దాకా వచ్చింది. నాలుగో నెలలో అమ్మకు ఐదువందలు ఎక్కువ పంపాను. నాకు పెళ్లై నా భార్య వచ్చేదాకా ఆ ఏర్పాటు నడిచింది. వండి పెట్టినందుకని నేను పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. గ్యాసులో సగం మాత్రం నాలుగు నెలలకొకసారి ఖచ్చితంగా అడిగి తీసుకునేది.

ఒకసారి అడిగాను, "అన్నీ ఇంత పట్టి పట్టి చేస్తవు, ఫ్యాను ఒక్కటి మాత్రం తగ్గియ్యవు గద పెద్దమ్మా?"

"అన్నీ తగ్గించుకుంటే ఇగ తమ్ముని ఇల్లేం పాపం జేసింది, ఆడనే ఉందును" అంది.

తర్వాత కొన్నేళ్లకు, కిరాయికున్నా సరే, రేషను కార్డు ఉండి రెండువందల యూనిట్ల లోపు కాల్చే ఇళ్లకు కరెంటు బిల్లు ఉండదని సర్కారు చెప్పింది. ఆ సందులో ఒక్కో ఇంటికీ నేను సున్నా బిల్లు ఇస్తూ వచ్చాను. చివరి గదికి వచ్చేసరికి పైసలు పడ్డాయి. అందరికంటే తక్కువ కాల్చే మనిషికి. ఆమె పేరు తమ్ముడి కార్డులో ఉంది. ఆమె పేరు మీద వచ్చే ఆరు కిలోల బియ్యం ఇన్నేళ్లుగా తమ్ముడే తెచ్చుకుంటున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "పిల్లలు తింటుండ్రు తియ్యి" అని ఊరుకుంది. ఇప్పుడు మాత్రం రెండు నెలలు ఆలోచించి, ఒక ఆదివారం నా బండి ఎక్కింది.

తమ్ముడు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. మోకాళ్లు పట్టేసిన మనిషి. అక్కను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. మరదలు లోపలికి పోయి చాయ్ పెట్టింది. ఆమె వచ్చిన పని చెప్పింది.

"పేరు తీసేస్తే ఇగ మాకు నువ్వేం ఉన్నట్టు అక్కా?" అన్నాడు తమ్ముడు.

"కార్డుల తియ్యమన్న. సచ్చిపోయిన్నని రాయమన్ననా?"

"అప్పుడు గూడ చెప్పకుండనే పోతివి."

"గందుకే ఇప్పుడు చెప్పొస్తి."

ఆయన కాగితం అందుకున్నాడు. కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు, "ఆడ మంచిగున్నవా?" అని అడిగాడు. "ఉన్న" అంది. బయలుదేరేటప్పుడు మరదలు సంచిలో కారంపొడి, రెండు శేర్ల కందులు పెట్టింది. ఆమె వద్దనలేదు. కాగితం మీద రాస్తున్నప్పుడే నేను మొదటిసారి ఆమె పేరు చదివాను.

కొత్త కార్డు చేతికి రావడానికి ఏడాదికి పైనే పట్టింది. వచ్చాక నేను ఆమెకు మొదటి సున్నా బిల్లు కొట్టి ఇచ్చాను. చెయ్యి చాచి దూరంగా పెట్టి చూసింది. వెనక తారీకు రాసింది, యూనిట్లు రాసింది, పైసల దగ్గర సున్నా రాసి పెన్ను వదిలేసింది. ఆ నెల ఆమెకు ఏం చేయాలో తోచని పైసలు మొదటిసారి మిగిలాయి. "ఎందుల వెయ్యాలె ఇవి?" అని నన్నే అడిగింది.

పోయిన నెల ఆరున పోయినప్పుడు ఆమె కొత్తగా ఉంది. ముఖం ఎండకు కమిలి ఉంది, కానీ కళ్లు నవ్వుతున్నాయి. మీటరు దగ్గరికి కూడా పోనివ్వకుండా నన్ను గడపలో కూర్చోబెట్టింది.

"జూరాల గేట్లు ఎత్తిండ్రంటే పోయొచ్చిన మీటరూ."

కొత్తకోట నుంచి కృష్ణ మీది జూరాల డ్యాముకు గంటన్నర ప్రయాణం. వానాకాలంలో నీళ్లు వదిలితే ఊళ్లకు ఊళ్లు కదిలి పోతాయి. ఆమె పుట్టి పెరిగిందంతా ఈ చుట్టుపక్కలే. అరవై దాటేదాకా చూడలేదట.

"ఎవరితోని పోయినవు?"

"ఎవలతోని ఏంది? బస్సుల పోయిన. ఆడోళ్లకు బస్సు ఫిరీ గద. పైసలన్నీ చేపలకే అయినయ్. ఆడ నూనెల ఏంచి ఇస్తరు సూడు, ఒక ప్లేటు తిన్న. మంచిగనిపించింది. ఇంకొక ప్లేటు తిన్న."

"రెండు ప్లేట్లా!"

"రెండు" అని వేళ్లు చూపించి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత నీళ్ల గురించి చెప్పింది. గేట్ల కింద నీళ్లు తెల్లగా పాలలాగా లేస్తాయని, ఆ తుంపర ఇంత దూరం వచ్చి ముఖం మీద పడుతుందని, చప్పుడుకు పక్కవాళ్ల మాట కూడా వినపడదని, చేతులు చాపి చాపి చెప్పింది.

"ఒక్కదానివే పోయినవు, ఏం తోచింది ఆడ నీకు అంతసేపు?" అన్నాను.

"నాలుగు గంటలు గట్లనే నిలబడి చూసిన మీటరూ" అంది. "ఇగ పోదాం పా అనెటోళ్లు ఎవ్వలూ లేకుండిరి."